సన్నదుకు ముందు పరీక్ష

జంగారెడ్డిగూడెము కోర్టు ఆవరణలో ఉదయము పది గంటల వేళ నిలుచున్నచో ఒక దృశ్యము కానవచ్చును. బుట్టాయగూడెము నుండియు, కొయ్యలగూడెము నుండియు, పోలవరపు దారి నుండియు బస్సులు దిగి వచ్చిన జనులు నీడపట్టున గుంపులుగా నిలిచి యుందురు. ఒకని చేత గుడ్డసంచి. అందులో పాత దస్తావేజులు, శిస్తు రసీదులు, పాసుపుస్తకము. ఒక ముసలమ్మ కొంగుముడిలో ఫీజు డబ్బు. వారందరు ఎదురుచూచునది నల్లకోటు ధరించి రానున్న వకీలుగారి కొరకు. ఆయన ఏమి చదివెనో, చదివినదానిలో ఎంత జ్ఞప్తి యందున్నదో వారెరుగరు. ఎరుగుటకు మార్గమును లేదు. అయినను తమ పొలమును, తమ పరువును, ఒక్కొక్కప్పుడు తమ బిడ్డ స్వేచ్ఛను ఆయన చేతిలో పెట్టుదురు.

ఈ నమ్మకమునకు ఆధారమేమి? వైద్యుని వద్దను, వకీలు వద్దను దాపరికము పనికిరాదని మన పెద్దలు చెప్పుదురు. కాని ఆ యిద్దరి నడుమ ఒక భేదము కలదు. మందు వికటించినచో రోగికి ఆ రాత్రియే తెలియును. వకీలు చేసిన పొరపాటు తీర్పు వెలువడిన పిదప గాని, ఒక్కొక్కప్పుడు అప్పీలు గడువు దాటిన పిదప గాని తెలియదు. కావున కక్షిదారుని పక్షమున మరెవ్వరో ముందుగానే ఆ వకీలును పరీక్షించి, “ఇతడు ఈ పనికి తగినవాడు” అని పూచీ పడవలెను. ఆ పూచీ కాగితమునకే మనవారు చిరకాలముగా సన్నదు అని పేరిడిరి. సన్నదు నిచ్చువారెవరు, ఇచ్చుటకు ముందు ఏమి అడిగిరి, నేడేమి అడుగుచున్నారు అనునదే మేము నేడు చెప్పదలచిన చరిత్ర.

ఇది మాకు కేవలము పుస్తకముల చరిత్ర కాదు. మా చిన్నతనమున మెట్టప్రాంతమునందలి మా మేనమామగారికి ఒక పొలము తగవు వచ్చెను. క్రింది కోర్టులో తీర్పు ఆయనకు వ్యతిరేకమయ్యెను. పైకోర్టుకు పోవుటకు 30 దినములు గడువు. తీర్పు నకలు కొరకు దరఖాస్తు పెట్టిన దినము మొదలు నకలు సిద్ధమగు వరకు పట్టిన కాలమును చట్టము ఆ గడువులో లెక్కింపదు. కాని దరఖాస్తు పెట్టుటకు ముందు జారిపోయిన దినములు జారిపోయినట్లే. మా మామగారి వకీలు నకలు చేతికి వచ్చిన నాటి నుండి 30 దినములు కలవని భావించి తీరికగా నుండెను. అప్పీలు దాఖలు చేయబోవునప్పటికి గడువు దాటెను. ఆలస్యమును మన్నింపుమని పెట్టుకొన్న అర్జీ కొట్టివేయబడెను. ఆ వకీలు దుర్మార్గుడు కాడు, పట్టభద్రుడే, సన్నదు కలవాడే. అతనికి దినములు లెక్కించుట మాత్రము తెలియదు. పొలము పోయిన వెనుక మా అత్తగారు, “ఆయనకు ఆ కాగితమిచ్చిన వారెవరు?” అని అడిగిన ప్రశ్న మా చెవిలో నేటికిని మ్రోగుచున్నది.

ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటకు రెండు వందల యేండ్లకు పైగా వెనుకకు పోవలెను. మద్రాసు పట్టణమున 1726 నాటి రాజపత్రము వలన మేయరు కోర్టును, 1801లో సుప్రీము కోర్టును వెలసినవి. అవి తెల్లవారి పట్టణపు కోర్టులు. అందు వాదించువారును ఇంగ్లండు నుండి వచ్చినవారే. పల్లెల ప్రజలకు సంబంధించినవి కంపెనీ వారి జిల్లా అదాలతులు. ఈ అదాలతులలో వకీళ్ళను క్రమపద్ధతిలో నియమించుట వంగరాష్ట్రమున 1793లో కారన్‌వాలిసు ప్రభువు కాలమున ప్రారంభమయ్యెను. అంతకు ముందు కక్షిదారుని తరపున అతని బంధువో, నౌకరో, ఏ పూటకు దొరికిన మాటకారియో మాటలాడెడివాడు. ఆ యేటి నిబంధన వలన సదరు అదాలతు అనుమతి పొందినవారే వకీళ్ళు కావలెననియు, వారి ఫీజు ఇంతయనియు ఏర్పడెను. హిందువులును మహమ్మదీయులును మాత్రమే ఆ పనికి అర్హులు. మద్రాసు రాజధానిలో 1802లో జిల్లా కోర్టులు నెలకొన్నప్పుడు ఇట్టి నియమములే ఇచ్చటికిని వచ్చెను.

ఆనాడు ప్రశ్నపత్రము లేదు. న్యాయాధికారి మనిషిని చూచును. వంశమును, నడవడిని, భాషాజ్ఞానమును విచారించును. సరియని తోచినచో సన్నదు నిచ్చును. అనగా పరీక్షింపబడినది “ఇతడెవడు?” అను సంగతియే గాని “ఇతనికేమి తెలియును?” అనునది కాదు. ఇందులో మేలును కలదు, కీడును కలదు. చిన్న కోర్టులో న్యాయాధికారి కంటి యెదుటనే పని చేయు వకీలు మోసము చేయుటకు జంకును. కాని అధికారికి దగ్గరివానికి తలుపు తెరచుటయు, దూరపువానికి మూయుటయు ఇట్టి పద్ధతిలో సులభము.

1846లో వచ్చిన మొదటి చట్టము ఆ తలుపును కొంత విశాలము చేసెను. ఏ జాతివాడైనను, ఏ మతమువాడైనను తగిన యోగ్యతాపత్రము చూపినచో కంపెనీ కోర్టులలో ప్లీడరు కావచ్చునని ఆ చట్టము చెప్పెను. మనిషిని బట్టి కాక యోగ్యతను బట్టి ఎన్నుకొనవలెనన్నచో యోగ్యతను కొలుచు సాధనము కావలెను గదా! ఆ సాధనమే వ్రాతపరీక్ష. 1850ల నాటికి మద్రాసు రాజధానిలో ప్లీడరు పరీక్షలు జరుగుచుండెను. వీధి దీపము క్రింద చదువుకొన్నాడని చెప్పుకొనబడు తిరువారూరు ముత్తుస్వామి అయ్యరు ఆ పరీక్షలో ఉత్తీర్ణుడైన తొలివారిలో నొకడు. ఆయనే తరువాత మద్రాసు హైకోర్టున న్యాయమూర్తియైన ప్రథమ భారతీయుడు. పెద్దల సిఫారసు లేని బీదవానికి పరీక్ష ఎట్టి నిచ్చెనయో ఆయన జీవితము చాటినది.

1862లో మద్రాసు హైకోర్టు వెలసెను. తన యెదుట వాదించువారిని చేర్చుకొనుటకును, వారి యోగ్యతలను నిర్ణయించుటకును రాజపత్రము దానికి అధికారమిచ్చెను. అప్పటి నుండి న్యాయవాద వృత్తిలో ఒక మెట్ల వరుస ఏర్పడెను. అన్నిటికంటె పై మెట్టున ఇంగ్లండులో చదివి వచ్చిన బారిస్టర్లు, వారే అడ్వకేట్లు. వారి ప్రక్కన అటార్నీలు. తరువాత ఇచ్చటి విశ్వవిద్యాలయమున బి.ఎల్. పట్టా పొంది, అనుభవజ్ఞుని చెంత కొంతకాలము శిష్యరికము చేసి, హైకోర్టులో చేరిన వకీళ్ళు. క్రింది మెట్లపైన జిల్లాలలోని ప్లీడర్లు. ఈ ప్లీడర్లలోను రెండు తరగతులు: మొదటి తరగతివారు జిల్లా కోర్టు వరకు పోవచ్చును, రెండవ తరగతివారు మునసబు కోర్టులకును, వానితో సమానమైన చిన్న కోర్టులకును పరిమితులు.

1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్ల చట్టము ఈ యేర్పాటునకు దస్తావేజు వంటిది. ప్లీడర్ల అర్హతలను, పరీక్ష ఫీజును, చేర్చుకొను విధానమును నిర్ణయించు నియమములను హైకోర్టు చేయవలెనని అందులో కలదు. ఉత్తీర్ణుడైనవానికి ఇచ్చు యోగ్యతాపత్రము ఆ సంవత్సరాంతము వరకే చెల్లును. మరుసటి యేడు స్టాంపు సుంకము చెల్లించి మార్చుకొనవలెను. ఏ తరగతి కోర్టులలో వాదింపవచ్చునో ఆ పత్రముననే తెలియుచుండెను. మనము గమనింపవలసిన విశేషమిదియే: ఆనాటి సన్నదు దేశమంతటికి ఇచ్చిన అనుమతి కాదు. ఇంత చదివినవానికి ఇంత బరువు అను లెక్క అందు కలదు. చిన్న పరీక్షలో గెలిచినవాడు చిన్న వ్యాజ్యమును మాత్రమే మోయవలెను.

ఆ చట్టమునకే 1896లో చేసిన సవరణ వలన మరియొక నియమము బలపడెను. కక్షిదారులను వకీళ్ళ వద్దకు చేర్చి, దళారి సొమ్ము పుచ్చుకొను మధ్యవర్తుల పేర్లను జాబితా వ్రాసి కోర్టులో వ్రేలాడగట్టు అధికారము న్యాయాధికారులకు లభించెను. పరీక్షలో గెలిచిన వకీలు ఎంత పండితుడైనను, దళారి వలలో పడిన పల్లెటూరివానికి ఆ పాండిత్యము దక్కదని ఆ చట్టకర్తలు గ్రహించిరి. సన్నదు ఎవరి రక్షణకొరకు పుట్టెనో దీనివలన స్పష్టమగుచున్నది.

ఈ మెట్ల వరుస మనిషి బ్రతుకును ఎట్లు నడిపించునో చెప్పుటకు మన గోదావరి తీరముననే ఒక మహోదాహరణము కలదు. టంగుటూరి ప్రకాశము పంతులుగారు 1872లో జన్మించిరి. తండ్రి పోయిన పిదప తల్లి ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడిపి బిడ్డలను పెంచెను. గురువైన ఇమ్మనేని హనుమంతరావు నాయుడుగారి వెంట ఆయన రాజమహేంద్రవరము చేరి చదువుకొని, రెండవ తరగతి ప్లీడరు పరీక్షలో ఉత్తీర్ణుడై, ఒంగోలులో కొలదికాలము పనిచేసి, మరల రాజమహేంద్రవరమునకు వచ్చి నిలుకడగా వృత్తి సాగించిరి. పేరు వచ్చెను, రాబడి వచ్చెను, పురపాలక సంఘాధ్యక్ష పదవియు వచ్చెను. కాని తాను మునసబు కోర్టులో గెలిపించిన వ్యాజ్యము మద్రాసు హైకోర్టుకు అప్పీలుగా పోయినచో ఆయన వెంట పోయి వాదించుటకు వీలు లేదు. జ్ఞానము అడ్డు రాలేదు. సన్నదు తరగతి అడ్డు వచ్చెను.

ఆ గోడను దాటుటకు ఆయన గొప్ప దూరమే ప్రయాణింపవలసి వచ్చెను. 1904లో ఇంగ్లండుకు పోయి, బారిస్టరై, 1907లో తిరిగి వచ్చి మద్రాసు హైకోర్టులో నిలిచిరి. మునసబు కోర్టులో మొదలైన ఆ జీవితము 1953లో ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రి పదవి వరకు సాగినది. ఆయన సాహసము స్తుతింపదగినదే. అయినను, సముద్రము దాటుటకు స్తోమత లేక అదే తరగతిలో జీవితము గడిపిన ప్రతిభావంతులు ఎందరుండిరో మనము ఊహింపవలెను. బీదవానికి నిచ్చెనయైన పరీక్షయే, తరగతులుగా విడిపోయినపుడు బీదవాని నెత్తిపై కప్పు కూడ అయ్యెను.

ఇంతకు ఆ ఇంగ్లండు పరీక్ష ఎట్టిది? లండనులోని నాలుగు న్యాయవాద సత్రములలో ఒకదాన చేరి, నియమిత సంఖ్యలో అచ్చటి విందులకు హాజరగుట బారిస్టరు కాగోరువానికి ముఖ్యవిధి. 1852లో న్యాయవిద్యా మండలి యేర్పడినను, వ్రాతపరీక్ష తప్పనిసరి యగుట 1872లో గాని జరుగలేదు. పెద్దలతో కలిసి భోజనము చేసినచో వృత్తిమర్యాద అబ్బునని వారి పూర్వాచారము. గాంధీమహాత్ముడు 1888లో వెళ్ళి, ఆ విందులకు హాజరై, రోమను న్యాయమును, ఇంగ్లీషు న్యాయమును చదివి, 1891 జూనులో బారిస్టరైరి. ఆ పరీక్షలు అంత కష్టమైనవి కావనియు, ఉత్తీర్ణులగువారే అధికమనియు ఆయన స్వీయచరిత్రలో వ్రాసికొనిరి.

తరువాతి కథయే మనకు ముఖ్యము. స్వదేశమునకు వచ్చి బొంబాయి స్మాలుకాజు కోర్టులో తొలి వ్యాజ్యము పట్టుకొని, ఎదుటి సాక్షిని ప్రశ్నింపవలసిన సమయమున ఆయన లేచి నిలుచుండిరి. కాళ్ళు వణకెను, తల తిరిగెను, ఒక్క ప్రశ్నయు నోట రాలేదు. కూర్చుండి, వ్యాజ్యమును మరియొకరికి అప్పగింపుమని చెప్పి, పుచ్చుకొన్న 30 రూపాయల ఫీజును వదులుకొని బయటికి వచ్చిరి. జగద్విఖ్యాతుడు కానున్న ఆ మనుష్యుడే పరీక్షలో గెలిచి పనిలో నిలువలేకపోయెనన్నచో, పరీక్ష దేనిని కొలువగలదో, దేనిని కొలువజాలదో మనకు బోధపడుచున్నది. తెలివిని కాగితము కొలుచును. నిలుకడను కోర్టుగది మాత్రమే కొలుచును.

పరీక్షలో గెలిచినను తలుపు తెరచుకొనని వారు మరికొందరు కలరు. 1916లో కలకత్తాలో రెజీనా గుహ, 1921లో పాట్నాలో సుధాంశుబాల హాజ్రా అను విదుషీమణులు న్యాయశాస్త్ర పట్టములు పొంది కోర్టులకు దరఖాస్తులు పెట్టగా, స్త్రీలకు చట్టమున చోటు లేదని తిరస్కరింపబడిరి. 1921లో అలహాబాదు హైకోర్టు కొర్నీలియా సొరాబ్జీ గారిని చేర్చుకొనెను. 1923లో వచ్చిన ప్రత్యేక చట్టము స్త్రీయను కారణమున ఎవ్వరిని తోసిపుచ్చరాదని శాసించెను. నేడు మన తాలూకా కోర్టులలో సైతము నల్లకోటు ధరించిన యువతులను చూచి మనము ఆశ్చర్యపడము. వారి వెనుక ఈ చరిత్ర కలదని మాత్రము మరువరాదు.

మెట్ల వరుసను తొలగింపవలెనను ఆందోళన ఇరువదవ శతాబ్దపు తొలిపాదముననే బలపడెను. 1926 నాటి బారు కౌన్సిళ్ళ చట్టము హైకోర్టులలో వకీలునకును అడ్వకేటునకును ఉన్న అంతరమును చెరిపివేసెను. జిల్లాలలోని ప్లీడర్ల సంగతి మాత్రము పూర్వమువలెనే మిగిలెను. అంతకు ముందటి యేడు, 1925లో, ఏలూరు ముఖ్యపట్టణముగా పశ్చిమ గోదావరి జిల్లా యేర్పడినది. స్వాతంత్ర్యానంతరము 1951లో నియమితమైన అఖిలభారత బారు సంఘము దేశమంతటికి ఒకే న్యాయవాద శ్రేణి యుండవలెనని సూచింపగా, 1961లో అడ్వకేట్ల చట్టము వచ్చెను. బారిస్టరు, వకీలు, ప్లీడరు అను పాతపేర్లు పోయి అందరు అడ్వకేట్లైరి. అప్పటికే ఉన్న ప్లీడర్లు తమ పని తాము చేసికొనవచ్చునని ఆ చట్టము దయచూపెను. సన్నదు నిచ్చు అధికారము హైకోర్టుల నుండి న్యాయవాదులే ఎన్నుకొను రాష్ట్ర బారు కౌన్సిళ్ళకు మారెను.

ఆ 1961 చట్టమున మొదట ఒక మంచి నియమముండెను. న్యాయశాస్త్ర పట్టా పొందినవాడు రాష్ట్ర బారు కౌన్సిలు నిర్ణయించిన శిక్షణ పొంది, దాని చివర పరీక్షలో ఉత్తీర్ణుడు కావలెను. పట్టా, శిక్షణ, పరీక్ష అను మూడును కలిసియుండెను. కాని 1973 సవరణ చట్టము ఆ శిక్షణను, ఆ పరీక్షను తొలగించెను. అప్పటి నుండి ఇంచుమించు నాలుగు దశాబ్దములు పట్టాయే సన్నదుకు చాలియుండెను. కళాశాలలు పెరిగెను, పట్టభద్రులు పెరిగిరి, వారికి పని వచ్చునా అని అడుగువారు లేరైరి. మా మేనమామగారి వకీలు ఆ నడిమికాలపు మనిషి. మా అత్తగారి ప్రశ్నకు చరిత్ర ఇచ్చు సమాధానమిది: ఆ కాగితమిచ్చినవారు ఏమియు అడుగక యిచ్చిరి, ఏలయన అడుగు నియమము ఆనాడు చట్టమున లేదు.

ఈ లోపమును సరిదిద్దుటకు భారత బారు కౌన్సిలు 1995లో ఒక యేటి శిక్షణను విధించి నియమములు చేసెను. 1999 మార్చి నెలలో సుప్రీము కోర్టు, సుధీర్ అను వ్యక్తి వేసిన వ్యాజ్యమున, చట్టము తొలగించినదానిని నియమముల ద్వారా మరల తెచ్చు అధికారము కౌన్సిలునకు లేదని వానిని కొట్టివేసెను. తరువాత 2010లో కౌన్సిలు అఖిలభారత బారు పరీక్షను ప్రకటించి, 2011 మార్చి 6వ తేదీన మొదటిమారు జరిపెను. దానికిని అధికారము లేదని వివాదము రేగినది. తుదకు 2023 ఫిబ్రవరి 10వ తేదీన అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనము ఈ పరీక్ష జరుపు అధికారము కౌన్సిలునకు కలదని తీర్పు చెప్పెను. సన్నదుకు ముందు జరుపవలెనా, తరువాత జరుపవలెనా అనునది కౌన్సిలు నిర్ణయమునకే విడిచిపెట్టెను.

ఈ పరీక్ష ఎట్లు జరుగునో మన యిండ్లలో న్యాయశాస్త్రము చదువు పిల్లలున్నవారికి తెలిసియుండుట మేలు. 2009-10 విద్యాసంవత్సరము నుండి పట్టా పొందినవారందరికి ఇది విధి. ఇన్నాళ్ళుగా నడచిన పద్ధతి యిట్లున్నది. పట్టభద్రుడు మొదట తన రాష్ట్ర బారు కౌన్సిలులో పేరు నమోదు చేయించుకొనును. ఆ నమోదు తాత్కాలికము. రెండేండ్లలోపల పరీక్షలో గెలిచి ప్రాక్టీసు యోగ్యతాపత్రము పొందవలెను. ధర్మాసనము వెలిబుచ్చిన అభిప్రాయమును అనుసరించి, కళాశాలలో చివరి భాగము చదువుచున్నవారిని సైతము 2024 నాటి పరీక్షకు అనుమతించిరి. ఇందువలన పట్టా చేతికి వచ్చిన పిదప వృథాగా కూర్చుండు నెలలు తగ్గును.

ప్రశ్నపత్రమున 100 ప్రశ్నలుండును. ప్రతి ప్రశ్నకు నాలుగు సమాధానములిచ్చి సరియైనదానిని గుర్తింపుమందురు. తప్పు సమాధానమునకు మార్కు తగ్గింపరు. రాజ్యాంగము, సివిలు ప్రక్రియ, క్రిమినలు ప్రక్రియ అనువానికి పదేసి ప్రశ్నలు, శిక్షాస్మృతి, సాక్ష్యము, కుటుంబ న్యాయము అనువానికి ఎనిమిదేసి, వృత్తిధర్మమునకు నాలుగు, భూసేకరణకు రెండు, ఇట్లు మొత్తము పందొమ్మిది విషయములకు పంచియిచ్చిరి. 2024 జూలై 1వ తేదీ నుండి పాత శిక్షాస్మృతి మొదలగువాని స్థానమున కొత్త సంహితలు అమలునకు వచ్చుటచే అభ్యర్థులు వానిని నేర్వవలసియున్నది. 2023 చివర జరిగిన పరీక్ష నుండి ఉత్తీర్ణతకు సామాన్యులకు 45, షెడ్యూల్డు కులములు, తెగలు, వికలాంగులకు 40 మార్కులు కావలెను. ఓడినవారు ఎన్నిమార్లయినను మరల వ్రాయవచ్చును.

రెండు విశేషములు చెప్పవలసియున్నవి. మొదటిది, ఈ పరీక్షను మన తెలుగున వ్రాయవచ్చును. ఇది సామాన్యమైన మేలు కాదు. తెలుగు మాధ్యమమున చదివి వచ్చిన మెట్టపల్లె బాలుడు ఇంగ్లీషు భయమున వెనుకంజ వేయనక్కరలేదు. రెండవది, మొదట ఈ పరీక్షకు పుస్తకములు, వ్రాతప్రతులు వెంట తీసికొనిపోవు వీలుండెను. వకీలు కోర్టులో సైతము పుస్తకము చూచియే మాటలాడును గదా యని దానిని సమర్థించినవారు కలరు. పుటలు త్రిప్పుట పరీక్ష కాదని నిందించినవారును కలరు. 2021 నుండి వ్యాఖ్యలు లేని మూలచట్టములను మాత్రమే అనుమతించుచున్నారు. ఇది మధ్యేమార్గము. చట్టమెక్కడ నున్నదో చూచుకొనవచ్చును. దాని భావము మాత్రము తలలో నుండవలెను.

ఖర్చు మాటయు చెప్పవలెను. పరీక్ష రుసుము ఇటీవల సామాన్యాభ్యర్థులకు 3,500 రూపాయల వరకు చేరినది. కేంద్రములు పెద్ద నగరములలోనే యుండుటచే ప్రయాణపు ఖర్చు వేరు. పేరు నమోదు చేయుటకు రాష్ట్ర కౌన్సిళ్ళు వేలకువేలు వసూలు చేయుచుండగా, 2024 జూలై 30వ తేదీన సుప్రీము కోర్టు, చట్టము చెప్పిన 750 రూపాయలకు మించి, షెడ్యూల్డు కులములు తెగలవారి వద్ద 125 రూపాయలకు మించి తీసికొనరాదని తీర్పు చెప్పెను. బీదవాని కొడుకునకు, కూతురునకు తలుపు మూయు తాళము ప్రశ్నపత్రము ఒక్కటియే కాదు. రుసుము కూడ తాళమే యని ఆ తీర్పు గుర్తించినది.

ఇన్ని జరిగిన పిదప మన జంగారెడ్డిగూడెము ఆవరణకు తిరిగి రావలెను. ఈ పట్టణమునకు పడమర, ఉత్తరమున గిరిజనులు నివసించు షెడ్యూల్డు ప్రాంతపు గ్రామములు కలవు. అచ్చట భూమి చట్టము వేరు. 1959 నాటి మొదటి నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ ప్రకారము గిరిజనుని భూమి గిరిజనేతరునకు చెల్లదు. అచ్చట గిరిజనేతరుల నడుమ క్రయవిక్రయములును చెల్లవు. గిరిజనేతరుని అధీనమున నున్న భూమి గిరిజనుని వద్ద నుండియే వచ్చినదని చట్టము ఊహించును. కాదని ఋజువు చేయు భారము గిరిజనేతరునిదే. ఇట్టి తగవులను సామాన్యపు సివిలు కోర్టు గాక ప్రత్యేక డిప్యూటీ కలెక్టరు విచారించును. “ఒకటి డెబ్బది” యని అచ్చటివారందరు చెప్పుకొను ఈ చట్టము తెలియని వకీలు గిరిజనుని వ్యాజ్యమును తగని చోట వేసినచో సంవత్సరములు వ్యర్థమగును. ఆ గుడ్డసంచి మోసికొని వచ్చినవాడు మరల అదే సంచితో వెనుకకు పోవును.

దేశమంతటికి ఒక్కటియైన పరీక్ష ఈ సంగతిని అడుగునా? కాశ్మీరము మొదలు కన్యాకుమారి వరకు ఒకే పత్రము కూర్చువారు ప్రతి కొండచట్టమును అడుగజాలరు. అది వారి తప్పు కాదు. మా మేనమామగారి ముప్పది దినముల లెక్క వంటి ప్రశ్నయు ఒక యేడు వచ్చును, ఒక యేడు రాదు. పాత సన్నదు ఒక్క చోటికి కట్టివేసెను. అందువలన మనిషి ఎదుగుదల ఆగెను. నేటి సన్నదు అన్ని చోట్లకు పంపుచున్నది. అందువలన చోటు నెరిగిన జ్ఞానము పలుచబడుచున్నది. ఈ రెండు నష్టములలో రెండవదానిని పూరించుట మన చేతిలోనే యున్నది.

అది పూరించునది శిష్యరికము. పరీక్షలో గెలిచిన యువకుడు అనుభవజ్ఞుడైన పెద్ద వకీలు కార్యాలయమున కూర్చుండి, గుమాస్తా వద్ద నకలు దరఖాస్తు వ్రాయుట నేర్చి, గడువులను పంచాంగము వలె గోడకు వ్రేలాడగట్టుకొని, ఆ ప్రాంతపు చట్టమును, ఆ ప్రాంతపు మాటను నేర్చినపుడే సన్నదు పండును. ధర్మశాస్త్రమును చదివినవానికిని తగవు తీర్చుటకు లోకజ్ఞానము కావలెనని మన పూర్వులు ఊరకే అనలేదు. 1973లో తొలగించిన శిక్షణ ఏదో ఒక రూపమున మరల రావలెనని మా అభిప్రాయము. అట్టి శిక్షణ కాలమున యువకుని భుక్తికి ఏర్పాటుండవలెను. లేనిచో అది ధనికుల పిల్లలకే చెల్లును.

కక్షిదారులైన గృహస్థులకు ఒక మనవి. వకీలుగారిని నమ్ముట మంచిది. అడుగుట అంతకంటె మంచిది. గడువు ఏనాటితో తీరునో కాగితముపై వ్రాసి యిమ్మని అడుగుటలో అమర్యాద లేదు. ఫీజు నిచ్చుకొనలేనివారు, స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులములు తెగలవారు 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద ఉచితముగా వకీలును పొందుటకు హక్కుదారులు. ఆ దరఖాస్తు కోర్టు ఆవరణలోని న్యాయసేవా సంఘమున ఈయవచ్చును.

మా మేనమామగారు గతించిరి. పొలము తిరిగి రాలేదు. కాని ఆయన మనుమరాలు న్యాయశాస్త్రము చదివినది. పరీక్ష వ్రాసి వచ్చిన సాయంత్రము మేము ఫోనున పలుకరించి, “ప్రశ్నలు ఎట్లున్నవమ్మా?” యని అడిగితిమి. “సులభముగానే యున్నవి మామయ్యా. గెలుతునేమో. కాని గెలిచిన మరునాటి నుండియే అసలు పరీక్ష గదా” యనెను. ఆమె యిపుడు ఒక పెద్ద వకీలుగారి వద్ద శిష్యరికమున నున్నది. ఆమె బల్లపై ఒక చిన్న పుస్తకము కలదు. అందు ప్రతి వ్యాజ్యమునకు ఎదురుగా తీర్పు తేది, నకలు దరఖాస్తు తేది, నకలు సిద్ధమైన తేది, గడువు తీరు తేది అని నాలుగు గడులు గీసియున్నవి. ఏ బారు కౌన్సిలును ఆమెను ఆ గడులు గీయుమనలేదు.